ధాత కరువు, గుండ్లకమ్మ రేవు

మా ఇంట్లో కంచంలో మెతుకు వదిలితే అవ్వ ఒకే మాట అనేది: "ధాత కరువు చూసిన కడుపులు మనవి, వదలొద్దు." ధాత అంటే ఎవరో చెడ్డ దొర అనుకునేదాన్ని. నేను చదివింది కోలారు జిల్లాలో, కన్నడ మీడియంలో. ఇంట్లో కరువు, బడిలో బరగాల. రెండూ ఒకే కథ అని తెలిసేసరికి ఉద్యోగంలో చేరిపోయినా.

ధాత మనిషి కాదు, సంవత్సరం పేరు. 1876 ఉగాదికి ధాత మొదలైంది, తర్వాతది ఈశ్వర. ఆ రెండేళ్ళూ వానలు మోసం చేసినాయి. కన్నడంవాళ్ళు ధాతు ఈశ్వర బర అంటారు, మా వీధిలోని తమిళంవాళ్ళు తాదు వరుష పంజం అంటారు. మైసూరు సంస్థానంలోనే పది లక్షల దాకా చనిపోయినారని లెక్క. దేశం మొత్తం మీద 50 లక్షలకు పైగా అని అంచనాలు. 1877లో సర్కారు కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని రేటు కట్టింది. పౌను అంటే అర కిలో కూడా కాదు. దాంతో రోజంతా మట్టి మోయాల. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది చాలదని వాదించినాకే కొంచెం పెంచినారు.

మా పెద్దలు ఒంగోలు వైపు నుంచి గనుల పనికి ఇక్కడికి వచ్చినవాళ్ళు. వచ్చేటప్పటికే క్రైస్తవులు. కాలేజీలో ఒక అమ్మాయి నవ్వుతూ అనింది, "మీవాళ్ళు కరువులో గంజి కోసం మతం మారినోళ్ళే కదా" అని. నాకు జవాబు రాలేదు. కోపం వచ్చింది, దానికన్నా ఎక్కువగా భయం వేసింది. నిజమేనేమో అని. అందుకే చదవడం మొదలుపెట్టినా.

ఒంగోలు కథ కరువుకు ముందే మొదలైంది. నెల్లూరులో 1840 నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఉండేది. ఏళ్ళ తరబడి పనిచేసినా చేరినవాళ్ళు చాలా తక్కువ. మూసేద్దామని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించినారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జువెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేసినారు. జాన్ క్లౌ దొర ఆ ఊళ్ళో కాపురం పెట్టింది 1866లో. అంటే మధ్యలో పన్నెండేళ్ళు. అదే ఏడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. పేరయ్య ఊరూరూ తిరిగి తన జనానికి చెప్పినాడు. చేరినవాళ్ళు ఊరి జాతరల్లో డప్పు కొట్టమన్నారు, చచ్చిన పశువు మాంసం తినమన్నారు. దానికి ఊరి పెద్దలు పని ఆపినారు, నీళ్ళ దగ్గరికి రానీలేదు. అంటే ఆ కాలంలో క్రైస్తవుడు కావడం వల్ల గంజి రావడం కాదు, ఉన్న గంజే పోయేది.

తర్వాత ధాత వచ్చింది. అప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కరువు పనిగా సాగుతోంది. క్లౌ దొరకు ముందు సర్వేయరు పని తెలుసు. మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టి వేలమందికి కూలి ఇప్పించినాడు. అదే సమయంలో ఆయన ఇంకొక పని చేసినాడు. సుమారు పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళను కూడా ఆపినాడు. కూలి కోసం వచ్చినారా, దేవుని కోసం వచ్చినారా అని తెలియాలంటే కూలి అయిపోవాల.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఏది దేనివల్ల జరుగుతోందో తేల్చుకోవాలంటే ఒకదాన్ని తీసేసి చూస్తాం. ఇక్కడ తీసేసింది అన్నం.

1878 నడిమికి సాయం డబ్బు అయిపోయింది. ఇక ఇచ్చేదేమీ లేదు, వెళ్ళండి అని దొర చెప్పినాడు. జనం వెళ్ళలేదు. మాకు డబ్బు వద్దన్నారు. కాయలు కాసిన చేతులే తమ కష్టానికి సాక్ష్యమన్నారు. వచ్చే పంట కూడా పోతే చస్తాం, చస్తే క్రైస్తవులుగా చస్తామన్నారు. ఇది క్లౌ దొర రాసిపెట్టుకున్న సంగతి.

ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ రేవులో జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మూడు రోజుల్లో 3,536. 3వ తేదీన నీళ్ళలో దిగింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని బాప్తిస్మాలు ఇచ్చినారు. ఆ ఏడు ముగిసేసరికి లెక్క 9,606.

మరి కృతజ్ఞత లేదా అంటే, ఉంది. ఆకలిలో చెయ్యి పట్టుకున్నవాణ్ణి ఎవరు మరిచిపోతారు? మనల్నీ మనుషులుగా చూసినారన్న సంతోషమూ ఉంది. వాటిని నేను దాచను. కానీ గంజి కోసమే అయితే గంజి ఉన్నప్పుడు అడిగి, అయిపోయినాక వెళ్ళిపోవాల. వీళ్ళు అయిపోయినాక నిలబడినారు.

ఇంకొకటి. వాళ్ళకు దేవుడు కరువు రానివ్వడని ఎవరూ మాట ఇవ్వలేదు. ఆ రెండేళ్ళలో ప్రార్థన చేసినవాళ్ళూ చనిపోయినారు, చేయనివాళ్ళూ చనిపోయినారు. నమ్మకం అంటే కష్టం తప్పుతుందన్న లెక్క అయితే, బిడ్డల్ని పూడ్చిపెట్టినవాళ్ళు ఆ నదిలో దిగి ఉండరు. యోబు కథలో కూడా ఎందుకు నాకీ కష్టం అన్నదానికి కారణం దొరకదు. దేవుడు తనతో మాట్లాడినాడు, అంతే. యోబుకు అది చాలింది.

2001లో ఇక్కడ గనులు మూతపడినప్పుడు మా నాన్నకు జీతం ఆగిపోయింది. ఆ రాత్రి అవ్వ మామూలుగానే భోజనానికి ముందు ప్రార్థన చేసింది. ఉద్యోగం తిరిగి ఇమ్మని అడగలేదు. "ఈ పూటకు స్తోత్రం" అనింది, అందరికీ రాగిసంగటి పెట్టింది. అప్పుడు నాకు విసుగొచ్చింది, ఈమెకు పరిస్థితి అర్థం కాలేదని. ఈ లెక్కలన్నీ చదివినాక తెలిసింది, మా అందరికన్నా ఆమెకే బాగా అర్థమైందని.

ఆ కాలేజీ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. కనబడితే కోపం లేకుండా ఈ కథ చెప్తాను. మీ ఇళ్ళలో కూడా ధాత కరువు మాట వినబడి ఉంటే, పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసి పెట్టండి. తెలుగు రాయడం రాకపోతే కన్నడంలోనో తమిళంలోనో అయినా రాయండి. మా అవ్వ దగ్గర నేను అడిగింది తక్కువ.