ల్యాప్‌టాప్‌కు లినక్స్ ఎక్కిన తీరు

ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఇంటెల్ 386 ప్రాసెసర్ ఉన్న తన సొంత కంప్యూటర్ కోసం రాసుకున్న లినక్స్ కెర్నల్, అంటే యంత్ర భాగాలకూ ప్రోగ్రాములకూ నడుమ నిలిచి పని నడిపించే మూలభాగం, 1991 సెప్టెంబరులో 0.01 సంఖ్యతో వెలువడినప్పుడు దానిని మరొకరి యంత్రంలోకి ఎక్కించే పద్ధతి అంటూ ఏదీ లేదు. మినిక్స్ అనే మరో వ్యవస్థ ముందే ఉన్నవారికి మాత్రమే అది పనికివచ్చింది. అందులోని కీబోర్డు అమరిక సైతం ఫిన్నిష్ భాషదే. తన ముందున్న ఒక్క యంత్రాన్నే ఎరిగిన రచయిత తక్కిన యంత్రాల సంగతి వాటి యజమానుల ద్వారానే తెలుసుకోవలసి వచ్చింది. లినక్స్ స్థాపనలో తలెత్తే చిక్కులను నలుగురూ కలిసి విప్పుకొనే ఆచారానికి మూలం ఈ అవసరంలోనే ఉంది; ఉచితంగా దొరికే వస్తువుకు కంపెనీ సేవ ఉండదు గనుక జనం ఒకరికొకరు సాయపడ్డారన్న వివరణ ఇందులో సగాన్ని మాత్రమే చెబుతుంది.

మొదటి రెండేళ్లలో స్థాపన ఫ్లాపీల మీద సాగింది. 1992లో మాంచెస్టర్ నుంచి ఎంసీసీ ఇంటెరిమ్, ఆ తరువాత ఎస్ఎల్ఎస్, 1993లో స్లాక్‌వేర్, డెబియన్ వచ్చాయి. కెర్నల్‌తో పాటు అవసరమైన ప్రోగ్రాములన్నీ జతచేసి అందించే ఇలాంటి కూర్పులను డిస్ట్రిబ్యూషన్లు లేదా డిస్ట్రోలు అంటారు. 1992లోనే మొదలైన లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు, ఒక్కొక్క పనికి ఒక్కొక్క 'హౌటూ' మార్గదర్శిని చొప్పున స్వచ్ఛంద రచయితల చేత రాయించింది. ఆ మార్గదర్శినులు మామూలు వాడుకరి నుంచి కోరిన జ్ఞానం తక్కువది కాదు: తెరపై బొమ్మ రావాలంటే ఎక్స్‌ఫ్రీ86 అనే చిత్ర వ్యవస్థకు మానిటర్ అడ్డ, నిలువు పౌనఃపున్యాల హద్దులను చేత్తో రాసి ఇవ్వవలసి ఉండగా, తప్పు సంఖ్యలు ఇస్తే పాత మానిటర్లు చెడిపోయే ప్రమాదం ఉందన్న హెచ్చరిక కూడా వాటిలో ఉండేది.

ల్యాప్‌టాప్ ఈ కష్టాన్ని రెట్టింపు చేసింది. మేజా మీది కంప్యూటర్‌లో పనిచేయని కార్డును తీసి మరొకటి పెట్టుకోవచ్చు గాని, ల్యాప్‌టాప్‌లో తయారీదారు బిగించిన చిప్పులతోనే చాలా వరకు సరిపెట్టుకోవాలి. పైగా వాటిని నడిపే డ్రైవర్లు, అంటే ఆయా పరికరాలతో మాట్లాడే చిన్న ప్రోగ్రాములు, విండోస్ కోసమే తయారయ్యేవి. వాడని విండోస్‌కు సైతం కొనేటప్పుడే ధర చెల్లించవలసి రావడం మీద అసంతృప్తి పెరిగి, 1999 ఫిబ్రవరి 15న కాలిఫోర్నియాలోని ఫాస్టర్ సిటీలో లినక్స్ వాడుకరులు మైక్రోసాఫ్ట్ కార్యాలయానికి వెళ్లి డబ్బు వాపసు అడిగారు.

అదే కాలంలో 'ఇన్‌స్టాల్‌ఫెస్ట్' అనే ఆచారం స్థిరపడింది. ఊరిలోని లినక్స్ వాడుకరుల సంఘం ఒక సెలవు రోజున ఏదో హాలులో కూడితే, కొత్తవారు తమ యంత్రాలను మోసుకువచ్చి అనుభవజ్ఞుల పక్కన కూర్చుని ఎక్కించుకొనేవారు. ఇంటర్నెట్ నెమ్మదిగా, ఖరీదుగా ఉన్న భారతదేశంలో పీసీక్వెస్ట్ పత్రిక తన సంచికలతో పంచిన సీడీలు ఎందరికో తొలి లినక్స్‌ను అందించగా, బెంగళూరులో 2001 నుంచి ఏటా పెద్ద సదస్సులు జరిగాయి. హైదరాబాదులో 2005లో రూపుదిద్దుకున్న స్వేచ్ఛ సంస్థ తెలుగు తెరతో కనిపించే లినక్స్‌ను తయారు చేసి, ఇంజనీరింగ్ కళాశాలల్లో 'గ్లగ్' అనే విద్యార్థి బృందాల ద్వారా ఈ ఆచారాన్ని తెలుగు జిల్లాలకు తీసుకువెళ్లింది.

సామూహిక సహాయం తన పూర్తి శక్తిని చూపినది మాత్రం వైఫై విషయంలోనే. 2000ల తొలి సంవత్సరాలలో ఎన్నో ల్యాప్‌టాప్‌లలో ఉన్న బ్రాడ్‌కామ్ చిప్పులకు లినక్స్ డ్రైవర్ గాని, దానిని రాయడానికి కావలసిన సాంకేతిక వివరాలు గాని బయటికి రాలేదు. విండోస్ డ్రైవర్‌నే లినక్స్‌లో నడిపించే ఎన్‌డిస్‌వ్రాపర్ అనే ఉపకరణం కొంతకాలం పని గడిపింది. అయితే అది నడిపించే డ్రైవర్ లోపల ఏముందో ఎవరికీ తెలియదు గనుక, కెర్నల్ కూలిపోతే కారణం వెతికే దారి ఉండేది కాదు. అప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు రెండు జట్లుగా విడిపోయి, ఒక జట్టు రౌటర్లలో దొరికిన డ్రైవర్ యంత్రభాషను విప్పి చిప్పు నడక వివరాలను పత్రంగా రాయగా, ఆ యంత్రభాషను చూడని రెండవ జట్టు ఆ పత్రాన్ని మాత్రమే ఆధారం చేసుకొని కొత్త డ్రైవర్‌ను రాసింది. నకలు చేశారన్న ఆరోపణకు తావివ్వని ఈ జాగ్రత్త చట్టానికి సంబంధించినదే అయినా, మేధాపరమైన నిజాయితీకి కూడా చక్కని నిదర్శనం. ఆ డ్రైవర్ 2006లో 2.6.17 కెర్నల్‌లో చేరింది. 2010లో బ్రాడ్‌కామ్ తానే కొత్త చిప్పులకు బహిరంగ డ్రైవర్‌ను విడుదల చేసింది.

అయినా ఫర్మ్‌వేర్ సమస్య మిగిలింది. చిప్పు లోపలికి ప్రతిసారీ ఎక్కించవలసిన ఈ ప్రోగ్రామును పంచే హక్కు డిస్ట్రోలకు లేకపోవడంతో, దానిని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలంటే వైఫై కావాలి, వైఫై రావాలంటే అది కావాలి అన్న విషవలయం ఏర్పడింది. పక్కవారి కేబులో, పెన్‌డ్రైవో ఆ వలయాన్ని తెంచేది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలను కఠినంగా పాటించే డెబియన్ కూడా 2022లో సభ్యుల ఓటుతో మెత్తబడి, 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదల నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాకపోయినా పంచడానికి అనుమతి ఉన్న ఫర్మ్‌వేర్‌ను స్థాపన ప్రతిలోనే చేర్చింది. సిద్ధాంతాన్ని సడలించారని బాధపడినవారి వాదనలో బలం ఉన్నప్పటికీ, మొదటిసారి ప్రయత్నించే మనిషి పక్షాన చూస్తే ఆ నిర్ణయం సరైనదే.

ఈ అనుభవాలన్నిటి నుంచి ప్రశ్న అడిగే పద్ధతి కూడా రూపుదిద్దుకుంది. ఒకే పేరుతో అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో విడతకొక చిప్పు ఉండవచ్చు గనుక, మోడల్ పేరు చెబితే చాలదు. యంత్రంలోని పరికరాల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం చూపే సంకేతాల జతను, అంటే నాలుగు స్థానాల తయారీదారు సంఖ్యనూ నాలుగు స్థానాల పరికర సంఖ్యనూ చెప్పాలి. మొదటిది 8086 అయితే ఆ పరికరం ఇంటెల్‌ది. 2000లో క్లౌస్ క్నాపర్ రూపొందించిన క్నాపిక్స్, డిస్కును తాకకుండా సీడీ నుంచే నడిచే లినక్స్‌ను ప్రచారంలోకి తెచ్చాక, ఎక్కించక ముందే ఈ వివరాలు రాబట్టడం సులువైంది.

ఒక నవీకరణ తరువాత ల్యాప్‌టాప్ నిద్ర నుంచి లేవకపోతే, ఆ దోషాన్ని పట్టుకోగలిగేది ఆ యంత్రం చేతిలో ఉన్నవారే. కెర్నల్ మార్పుల చరిత్రను నమోదు చేసే గిట్ అనే ఉపకరణం 2005లో వచ్చాక దాని బైసెక్ట్ సదుపాయంతో వాడుకరి మార్పుల వరుసను సగానికి సగంగా విభజిస్తూ పరీక్షించవచ్చు. వెయ్యి మార్పులలో దోషి అయినదానిని సుమారు పది ప్రయత్నాలలో తేల్చవచ్చు. ప్రతిసారీ కెర్నల్‌ను మళ్లీ కట్టి, మళ్లీ బూట్ చేసి చూసే ఈ పనిలో సాయం కోరినవారే సాయం చేసేవారవుతారు. అలా తేలిన విషయాలలో కొన్ని కెర్నల్‌లోని 'క్వర్క్' పట్టికలలో చేరతాయి: ఈ తయారీదారు, ఈ మోడల్ అయితే టచ్‌ప్యాడ్‌ను ఇలా పలకరించాలి, తెర వెలుగును అలా మార్చాలి అన్న మినహాయింపుల వరుసలవి. ఆ మార్పుల వెంట దోషాన్ని తెలియజేసినవారి పేరును 'రిపోర్టెడ్ బై' అనీ, పరీక్షించి చూసినవారి పేరును 'టెస్టెడ్ బై' అనీ కెర్నల్ చరిత్రలోనే నమోదు చేస్తారు. ప్రోగ్రాము ఒక్క పంక్తి కూడా రాయని వాడుకరుల పేర్లు వాటిలో ఎన్నో ఉన్నాయి.