నిరక్షర ద్విభాషులు: హైదరాబాదు మెదడు అధ్యయనం వెనుక చరిత్ర

ద్విభాషుల్లో డిమెన్షియా ఆలస్యంగా కనిపిస్తుందని 2007లో టొరాంటో నుంచి ఎలెన్ బియాలిస్టాక్ బృందం ప్రకటించింది. అయితే అక్కడి ద్విభాషుల్లో అధికులు వలస వచ్చినవారు కావడంతో ఆ ఫలితం భాషదా, వలసదా అన్న సందేహం మిగిలింది.

వలసతో నిమిత్తం లేకుండా రెండు భాషల్లో బతికే జనం హైదరాబాదులో ఉన్నారు. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలను పరిశీలించి, 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురించింది. వారిలో 391 మంది ఒకటికి మించిన భాషలు తెలిసినవారు. ఏకభాషులతో పోలిస్తే వీరిలో వ్యాధి సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. నిరక్షరాస్యుల్లోనూ ఈ తేడా కనిపించింది. కనుక దీన్ని కేవలం చదువు ఫలితమనడానికి వీల్లేదు. నా దృష్టిలో ఈ అధ్యయనపు అసలు విలువ ఇక్కడే ఉంది.

బడికి వెళ్లనివారికి రెండో భాష ఎలా అబ్బింది? ఇది చరిత్ర చెప్పవలసిన సంగతి. నిజాం రాజ్యంలో పాలన ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనాభాషా అదే. భిక్నూర్ ప్రాంతపు రైతుకు సైతం పహాణీ, తహసీలు, దస్తావేజు నిత్యవ్యవహారంలోని మాటలే. అంగడిలోనూ కచేరీలోనూ చెవిన పడిన భాష అది. దాని వెనుక అవమానమూ ఉంది: 1921లో వివేకవర్ధిని సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వేంకట రామారావును గేలిచేయడమే ఆంధ్ర జన సంఘం పుట్టుకకు దారితీసింది. మెదడుకు మేలు చేసిందనుకుంటున్న ద్విభాషాత్వం ఒకనాడు తెలుగువాడి ఫిర్యాదు కూడా.

ఒక హెచ్చరిక అవసరం. ఇది ఆసుపత్రికి వచ్చిన రోగుల పాత వివరాలపై ఆధారపడిన పరిశీలన. లక్షణాలు ఆలస్యమయ్యాయన్నదే దీని నిర్ధారణ, వ్యాధి రాలేదని కాదు.