అమెరికా అంతర్యుద్ధం: బ్రిటిష్ రాజకీయ దృక్పథం, కృష్ణా దక్షిణతీరపు పత్తి

అమెరికా అంతర్యుద్ధం (1861-65) పట్ల బ్రిటిష్ నాయకుల వైఖరిని చరిత్రకారులు సాధారణంగా లండన్, వాషింగ్టన్‌ల నడుమ వ్యవహారంగానే చర్చించారు. ఆ చర్చలో గుంటూరు, ఒంగోలు ప్రాంతాల నల్లరేగడి నేలలకూ చోటుండాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

యుద్ధానికి ముందు బ్రిటన్ దిగుమతి చేసుకున్న పత్తిలో దాదాపు 5లో 4 వంతులు అమెరికా దక్షిణ రాష్ట్రాల బానిసల శ్రమఫలం. 1861 మేలో బ్రిటన్ తటస్థతను ప్రకటించింది. ఉత్తరపక్షం దక్షిణపు రేవులను దిగ్బంధించగా లాంకషైర్ మిల్లులు పత్తి లేక స్తంభించాయి. 1862 అక్టోబరులో న్యూకాజిల్‌లో గ్లాడ్‌స్టన్ దక్షిణ నాయకులు ఒక జాతినే నిర్మించారన్న అర్థంలో ప్రసంగించాడు. విదేశాంగమంత్రి రస్సెల్ మధ్యవర్తిత్వానికి మొగ్గాడు. ప్రధాని పామర్‌స్టన్ వేచిచూడటమే మేలనుకున్నాడు. నవంబరులో ఫ్రాన్స్ తెచ్చిన మధ్యవర్తిత్వ ప్రతిపాదనను మంత్రివర్గం తోసిపుచ్చింది.

వీరందరికన్న జాన్ బ్రైట్ వైఖరి విశేష పరిశీలనకు అర్హమైనది. రోచ్‌డేల్ మిల్లు యజమాని అయివుండీ అతడు బానిసత్వాన్ని నిరసించి ఉత్తరపక్షాన్ని సమర్థించాడు. భారతదేశంలో పత్తి సాగుపై 1848లో ఏర్పడిన పార్లమెంటు సంఘానికి అధ్యక్షుడూ అతడే. పత్తి కొరతకు మూలం రైతు స్థితిలో, రవాణా మార్గాల లేమిలో ఉందని అతడు గుర్తించాడు. భారతమంత్రి చార్లెస్ వుడ్ ఆలోచన వేరు: మాంచెస్టర్ తగిన ధర ఇస్తే పత్తి దానంతటదే వస్తుంది. ధర వచ్చిన మాట నిజమే, కాని నిలకడ రాలేదు. దక్షిణ రాష్ట్రాలను బ్రిటన్ గుర్తించినా, యుద్ధం ముగిసినా అమెరికా పత్తి తిరిగివస్తుంది, ఇక్కడి ధర పడిపోతుంది. అందువల్ల తటస్థతా విధానం రైతుకు తాత్కాలిక గిరాకీని మాత్రమే ఇవ్వగలిగింది. 1865లో యుద్ధం ముగియగానే జరిగినదీ అదే. లండన్ దృష్టిలో ఈ నేలలు అమెరికాకు ప్రత్యామ్నాయం కావు, అమెరికా మళ్లీ తెరుచుకొనేవరకు ఆసరా మాత్రమే.

ఈ ప్రాంతపు ఎరుపు ఛాయ గల పత్తికి వ్యాపారలోకంలో స్థిరపడిన పేరు ‘కొకనాడా’. ఎగుమతి అయిన రేవు పేరు నిలిచింది, పండించిన నేల పేరు నిలవలేదు. దస్త్రాల్లోనూ ఇదే చిక్కు. 1859లో గుంటూరు జిల్లా రద్దయి కృష్ణా జిల్లాలో కలిసింది. మళ్లీ ఏర్పడినది 1904లో. ఒంగోలు అప్పటివరకు నెల్లూరు జిల్లాలోనిది. ప్రకాశం జిల్లా 1970 నాటి సృష్టి. కనుక అంతర్యుద్ధకాలపు పత్తి లెక్కలను ‘గుంటూరు’ శీర్షిక కింద వెదకడం వృథాశ్రమ. కృష్ణా, నెల్లూరు జిల్లాల దస్త్రాలను పక్కపక్కన పెట్టి చదవవలసి ఉంటుంది.