హొళగుంద వలసలు

కర్నూలు జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దునున్న హొళగుంద ప్రాంతపు వలసకూలీలవి ముఖ్యంగా రెండు దారులు. వర్షాధార చేలల్లో పని అయిపోగానే కొందరు ఇంటిల్లిపాదీ గుంటూరు మిరప కోతలకు కదులుతారు. ఇక్కడివారు దీన్ని ‘సుగ్గి’ అంటారు. చేను గట్టున పట్టా కప్పిన గుడారం, కోసిన కాయల తూకాన్నిబట్టి కూలి. చేతులు ఎన్నుంటే అంత రాబడి కనుక పిల్లలూ బడి మానేస్తారు. ఈ వలసలో అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే. దాన్ని తప్పించేందుకే ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెట్టారు.

రెండో దారి బెంగళూరు. అక్కడ కట్టడాల పని దాదాపు ఏడాదంతా దొరుకుతుంది. రోజుకూలీగా చేరినవాడు మేస్త్రీ కాగలడు. మిరప చేలో ఆ ఎదుగుదల లేదు. అయితే షెడ్డు బతుకు, పరంజాల మీది ప్రమాదాలు తప్పవు. 2019లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య మొదలైన రేషన్ పోర్టబిలిటీ, అంటే సొంతూరి కార్డుతో మరోచోట రేషన్ తీసుకునే వీలు, ఇప్పుడు కర్ణాటకలోనూ వర్తిస్తుంది.