సరుకు

సరుకు: అమ్మకానికీ కొనుగోలుకూ పనికొచ్చే, ఒకచోటి నుంచి మరోచోటికి తరలించగల వస్తువులకు తెలుగులో వాడుక పేరు. ఇంగ్లిషులో గూడ్స్ అనే ఒక్క మాట చేసే పనిని తెలుగులో సరుకు, సామాను, మాలు, దినుసు, వెచ్చాలు, వస్తువు పంచుకుంటాయి. నిఘంటువులో ఇవి పర్యాయపదాలే, బజారులో మాత్రం కావు. సొత్తు ఎవరి చేతిలో ఉందో, ఎక్కడికి పోతోందో చూసి పేరు మారుతుంది. ఈ మార్పును దగ్గరగా గమనించడానికి హైదరాబాదు తూర్పువైపున, విజయవాడ రోడ్డు మీదున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలు అనువైనవి. నగరపు దక్కనీ ఉర్దూ, నల్లగొండ తెలంగాణం, కృష్ణా గుంటూరుల తెలుగు ఇక్కడ ఒకే కౌంటరు ముందు నిలబడతాయి.

పుట్టుపూర్వోత్తరాలు

సరుకు ద్రావిడ పదం. తమిళంలో సరక్కు, కన్నడంలో సరకు, మలయాళంలో చరక్కు దీని తోబుట్టువులు. సామాను పారశీకం నుంచి, మాలు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చాయి. రకం, జాతి అనే అర్థమున్న అరబ్బీ 'జిన్స్' మనకు దినుసు అయింది. వెచ్చాలు వీటికి భిన్నం. వ్యయానికి వికృతి వెచ్చం. ఖర్చును చెప్పే మాటే కోస్తాలో ఆ ఖర్చుతో ఇంటికొచ్చే పప్పూ ఉప్పులకు పేరైంది.

సంస్కృతంలో అమ్మకపు వస్తువు పణ్యం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో వ్యాపార వస్తువుల మీద అజమాయిషీ చేసే అధికారి పణ్యాధ్యక్షుడు. తెలుగుదేశంలో సరుకుల పట్టికకు పేరుపడ్డ పాత ఆధారం కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన మోటుపల్లి అభయశాసనం. ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు అభయమిచ్చాడు. గంధం, కర్పూరం, దంతం, ముత్యాలు, మిరియాలు వంటివాటిని పేరుపేరునా ప్రస్తావించిన ఈ శాసనం చరిత్రకారులకు ఆనాటి రేవు బజారును కళ్లముందు పెడుతుంది.

నిజాం రాజ్యంలో మాలు అంటే ప్రభుత్వ రాబడి కూడా. ఊళ్లో భూమిశిస్తు వసూలు చేసేవాడు మాలీ పటేల్, శాంతిభద్రతలు చూసేవాడు పోలీస్ పటేల్. ఆ పటేళ్లు పోయారు, మాలు మాత్రం బజారులో మిగిలింది.

కొత్తపేట పండ్ల మార్కెట్

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల మధ్య కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. జాంబాగ్‌లో చోటు చాలక 1986లో సుమారు 22 ఎకరాల్లోకి వచ్చింది. నల్లగొండ బత్తాయి, వేసవిలో మామిడి లారీలకు లారీలు ఇక్కడ దిగేవి. ఆ బత్తాయి వెంట నడిస్తే మాటల సంగతి తెలుస్తుంది. రైతు తన పంటను 'కాయ' అంటాడు, అది ఎంత పండినా సరే. లారీ యార్డులోకి రాగానే అది లోడు. హమాలీలు కిందికి దించాక 'మాల్ దిగింది'. పాట మొదలైతే 'మాల్ ఎట్లుంది' అనేదే ప్రశ్న. పాట పాడి కొన్న చిల్లర వ్యాపారి దాన్ని 'నా సరుకు' అంటాడు. తోపుడుబండి మీద అది మళ్లీ పండు అవుతుంది. బేరమాడే ఇల్లాలికి మాలుతో పని లేదు, డజను ఎంతన్నదే లెక్క.

ఇక్కడే మరో సంగతి. పారశీకంలో ఖరీద్ అంటే కొనుగోలు. ఇంటి తెలుగులో ఖరీదు అంటే వెల. తెలంగాణ మార్కెట్ యార్డుల్లో పాత అర్థం ఇంకా చెక్కుచెదరలేదు. అక్కడ ఖరీదుదారు అంటే కొనేవాడు, అడ్తిదారు అంటే కమీషన్ మీద రైతు పంటను అమ్మిపెట్టేవాడు.

మార్కెట్‌ను 2021లో అక్కడి నుంచి ఖాళీ చేయించి, అదే రోడ్డు మీద ఇంకా తూర్పునున్న బాటసింగారానికి తరలించారు. కొత్తపేట స్థలంలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.

దుకాణం, కొట్టు

నల్లగొండ నుంచి వచ్చిన కుటుంబం 'కిరాణం దుకాణంల సామాన్' తెచ్చుకుంటుంది. పక్కవాటాలో ఉన్న తెనాలివాళ్లు 'పచారీ కొట్టులో సరుకులు' తెచ్చుకుంటారు. కొట్టు ఒక్కటే, చీటీలో రాసినవీ అవే. సామాన్లు అనే బహువచనానికి మరో బతుకుంది. ఎల్బీనగర్ కూడలిలో విజయవాడ బస్సు ఎక్కేవాడి సామాన్లు అమ్మకానివి కావు, పెట్టే బేడా. అద్దె ఇల్లు మారేటప్పుడు ట్రాలీ ఆటోలోకి ఎక్కేవీ సామాన్లే.

దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల్లో వీటిలో ఏదీ సరిగా అతకదు. అక్కడ సేల్స్‌మన్ 'కొత్త స్టాక్ వచ్చిందమ్మా' అంటాడు. ఒక్కో చీర 'పీసు', కుట్టని చుడీదార్ గుడ్డ 'మెటీరియల్'. షాపింగ్ మాల్ వచ్చాక గందరగోళం ఇంకొంచెం పెరిగింది. ఈ 'మాల్'కు అరబ్బీ మాలుతో చుట్టరికం లేదు. లండన్‌లో బంతిని కొయ్యసుత్తితో కొట్టే పాల్‌మాల్ ఆట ఆడిన బాట పేరు అది. మాల్‌కు మాల్ వచ్చిందంటే హైదరాబాదీకి తడుముకోకుండా అర్థమవుతుంది.

సరుకుకు బజారు బయటా అర్థాలున్నాయి. 'వాడి దగ్గర సరుకు లేదు' అంటే విషయం లేదని. మద్యానికీ గంజాయికీ చాటు పేరూ అదే. మాలును ఆడవాళ్లను ఉద్దేశించి వాడటం పచ్చి అసభ్యం.

చట్టంలో

1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం డబ్బు, దావా హక్కులు తప్ప కదిలే ఆస్తి అంతా సరుకే. షేర్లూ, కోతకు ముందే అమ్మిన పంటా ఇందులో చేరతాయి. రేషన్ దుకాణంలో జనం సరుకులు తీసుకుంటారు. అవే 1955 చట్టంలో నిత్యావసర వస్తువులు. 2017 జులై 1న వచ్చిన జీఎస్టీకి వస్తు సేవల పన్ను అని తెలుగు చేశారు. సరుకు ఉండగా వస్తువును ఎంచుకోవడం సర్కారు తెలుగుకు అలవాటే.

ఆ పన్నుతో పేరు పక్కన అంకె కూడా చేరింది. దేశాలన్నీ సరుకులను ఒకే పద్ధతిలో వర్గీకరించుకునే విధానం 1988 నుంచి అమల్లో ఉంది. బిల్లు మీద కనిపించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ దాని నుంచి వచ్చిందే. నిమ్మ, బత్తాయి జాతి పండ్లది 0805, తాజా పండుకు పన్ను లేదు. పట్టు నేతబట్ట 5007 కింద, బుట్టలు, చాపలు వంటి అల్లిక సరుకు 46వ అధ్యాయం కింద వస్తాయి.