జేమ్స్‌టౌన్‌లో ఒక మాటల పట్టీ

పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన మేము మొన్న వర్జీనియాలో జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ చూశాము. 1607లో ఆంగ్లేయులు కాపురం పెట్టిన చోటికి దగ్గర్లోనే కట్టిన మ్యూజియం ఇది. నది ఒడ్డున వాళ్ళ మూడు ఓడల నమూనాలు, కర్రల కోట ఉన్నాయి. మాకు మాత్రం పౌహాటన్ తెగల పల్లె దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. వంచిన లేత కొమ్మల మీద చాపలు కప్పిన ఇళ్ళు, లోపల నిప్పు, పైన పొగ పోయే కంత. మానును నిప్పుతో కాల్చి, ఆల్చిప్పలతో గీకి పడవ చేసేవారట.

మనకు పనికొచ్చే సంగతి ఒకటి. ఈ కోట పెట్టించిన వర్జీనియా కంపెనీని 1609 నుంచి నడిపినవాడు సర్ థామస్ స్మైత్. ఈస్టిండియా కంపెనీకి గవర్నరూ ఆయనే. 1611లో గ్లోబ్ అనే ఓడ మన మచిలీపట్నం చేరింది ఆయన హయాంలోనే. అక్కడ గోల్కొండ సుల్తాను ఏలుబడి గట్టిది, అనుమతి అడిగి వ్యాపారం చేసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ వాళ్ళకు పొగాకు వేయడానికి నేలే కావలసి వచ్చింది.

ఆ 1610-11లోనే విలియం స్ట్రేచీ అనే ఆయన జేమ్స్‌టౌన్‌లో ఉండి పౌహాటన్ మాటలు పట్టీగా రాసుకున్నాడు. ఆ పట్టీ, జాన్ స్మిత్ రాసిన ఇంకో చిన్న పట్టీ తప్ప ఆ భాషలో ఇవాళ మిగిలింది బహు తక్కువ. రకూన్, పర్సిమన్ లాంటి మాటలు ఇంగ్లీషులో చేరి బతికాయి. ఇంట్లో ఆ భాష ఆడేవాళ్ళు లేరు.

మనుషులు మాత్రం ఉన్నారు. 1924 నాటి వర్జీనియా చట్టం జనాన్ని తెల్లవారు, నల్లవారు అని రెండే గళ్ళలో రాయించి, కాగితాల మీద వీళ్ళను లేకుండా చేయబోయింది. అయినా పమంకీ తెగవారు 1677 ఒప్పందం ప్రకారం ఏటా గవర్నరుకు జింకను తెచ్చి ఇస్తూనే వచ్చారు. కేంద్రం వారిని గుర్తించింది 2015లో! జనాభా లెక్కల్లో మాతృభాష గడి దగ్గర తడబడే మన హోసూరువాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి మా అవ్వ వాడిన మాటలు ఇరవై రాసి మనవడికి చదివి వినిపించాము. చేట, కవ్వం, అటక, రోకలి... వాడికి తెలిసినవి ఆరు. వాళ్ళ అమ్మకు తెలిసినవి పద్నాలుగు.

వచ్చే నెల హోసూరు వచ్చాక సంఘం గదిలో ఒక నోటుబుక్కు పెడతాము. మీ ఇంటి పెద్దల నోటి మాటలు తలా నాలుగు రాయండి. తమిళం, కన్నడం కలిసినవైనా సరే, దిద్దవద్దు. ఎవరు ఎప్పుడు అనేవారో కూడా పక్కన రాయండి.