గడ్డ ఒక్కటే, బొమ్మలు రెండు

జర్మనీలో జిండెల్ఫింగెన్ అనే ఊరినుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ ఐటీ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం విజయవాడలో మా అమ్మకు రొమ్ములో గడ్డ తగిలింది. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి అక్కతో చెప్పింది. మామోగ్రామ్ తీశారు, ఎమ్మారై తీశారు. రెండూ చూసి అమ్మ ఫోన్లో నన్నడిగింది: "ఒరే నాన్నా, గడ్డ ఒక్కటే కదా, ఒక్కో ఫొటోలో ఒక్కో చోట ఉందేమిట్రా?"

నాకు జవాబు తెలియలేదు. వెతకడం మొదలుపెట్టాను.

1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్, ఆపరేషన్లలో తొలగించిన సుమారు 3000 రొమ్ములకు ఎక్స్‌రేలు తీసి క్యాన్సర్ ఎలా కనిపిస్తుందో పరిశీలించారు. మామోగ్రఫీ చరిత్ర అక్కడ మొదలు. ఇప్పుడు మామోగ్రామ్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి రొమ్మును రెండు పలకల మధ్య నొక్కుతారు. ఎమ్మారైలో బోర్లా పడుకోబెడతారు, రొమ్ము కిందికి వేలాడుతుంది. ఆపరేషన్ బల్ల మీద మనిషి వెల్లకిలా ఉంటుంది. మెత్తటి కండ కదా, భంగిమ మారితే గడ్డా జరుగుతుంది. అమ్మ సరిగ్గానే చూసింది.

మరి ఎంత జరిగిందో లెక్క కట్టేదెలా? ఆ లెక్క నాకు మా ఊళ్ళోనే ఎదురైంది. జిండెల్ఫింగెన్ మెర్సిడెస్ కార్ల ఊరు. 1959 సెప్టెంబరు 10న ఆ కంపెనీ తన మొదటి క్రాష్ టెస్టు ఇక్కడే చేసింది. అదే ఏడు పక్కనున్న స్టుట్‌గార్ట్‌లో జాన్ ఆర్గిరిస్ ప్రొఫెసరుగా చేరారు. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి పునాది వేసినవారిలో ఆయనొకరు. ఆ పేరు పెట్టింది అమెరికాలో రే క్లఫ్, 1960లో. వస్తువును వేల చిన్న ముక్కలుగా ఊహించుకుని, ఒక్కో ముక్క ఎంత గట్టిదో చెబితే, ఒత్తిడికి ఏది ఎటు జరుగుతుందో కంప్యూటర్ చెబుతుంది. విమానాల కోసం పెరిగిన ఈ లెక్క, తరువాత కారు గుద్దుకుంటే ఏ రేకు ఎలా నలుగుతుందో చెప్పింది.

2001లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఫ్రెడ్ అజార్ బృందం దీన్నే రొమ్ముకు వాడింది. 2003లో నికోల్ రూయిటర్ అనే పరిశోధకురాలు, మాకు దగ్గరలోని కార్ల్స్‌రూయేలో పని చేస్తూ, ఎమ్మారై బొమ్మను కంప్యూటర్లోనే నొక్కి మామోగ్రామ్‌తో సరిపోల్చే పద్ధతి మీద థీసిస్ రాశారు. అయితే ఉక్కు గట్టిదనం పట్టికల్లో దొరుకుతుంది. కొవ్వు, పాల గ్రంథుల మెత్తదనం మనిషి మనిషికీ, వయసు వయసుకీ మారుతుంది. అందుకే నేటికీ చాలాచోట్ల రెండు బొమ్మల్నీ కలిపి చదివేది డాక్టరు అనుభవమే.

అమ్మ గడ్డ ప్రమాదం లేనిదని తేలింది. ఆ మూడు నెలల మౌనం మాత్రం నన్నింకా బాధిస్తుంది. ఎంత గొప్ప లెక్కైనా బొమ్మ తీశాకే కదా మొదలయ్యేది!

జర్మనీలో 2005 నుంచి 50-69 ఏళ్ళ స్త్రీలకు రెండేళ్ళకోసారి మామోగ్రామ్‌కు పిలుపు ఉత్తరం ఇంటికే వస్తోంది. 2024 జూలై నుంచి 75 ఏళ్ళ దాకా అవకాశం ఇచ్చారు. ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వెయ్యకండి. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, అమ్మను బీపీ, షుగర్ల గురించి అడిగాక, ఈ మాట కూడా అడగండి.